గెలవడానికి పిల్లలు ఏం చేస్తున్నారు? చదువు నేర్పే వీడియో గేమ్‌ల లోపలి సంగతి

ఒక కారు పందెం గేమ్. కారు దూసుకుపోతూ ఉంటుంది. ఉన్నట్టుండి తెర ఆగిపోయి ‘7 × 8 ఎంత?’ అని అడుగుతుంది. కింద నాలుగు జవాబులు. ఆడుతున్న పిల్లవాడు టక్కున ఒకటి నొక్కుతాడు. తప్పంటే ఇంకోటి, అదీ తప్పంటే మరోటి. సరైనది తగలగానే కారు మళ్లీ కదులుతుంది. యాప్ స్టోర్‌లో ఈ గేమ్ ‘ఎడ్యుకేషన్’ వరుసలో ఉంటుంది. అరగంట ఆడాక ఆ పిల్లవాడికి బాగా వచ్చేది మలుపు దగ్గర కారు తిప్పడం. ఎక్కం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అరగంటసేపూ వాడి బుర్ర రోడ్డు మీదే ఉంది మరి. ఎక్కం వాడికి దారిలో తగిలిన స్పీడ్ బ్రేకర్.

పిల్లలకు అబ్బేది గెలవడం కోసం వాళ్లు పదేపదే చేసే పని. ఆ పనీ, మనం నేర్పాలనుకున్న పాఠమూ ఒకటే అయినప్పుడు గేమ్ చదువు చెబుతుంది. రెండూ వేరైతే బొమ్మలు ఎంత ముద్దుగా ఉన్నా, సంగీతం ఎంత హుషారుగా ఉన్నా ఫలితం ఉండదు. వీడియో గేమ్‌లు చదువుకు మంచివా చెడ్డవా అన్న వాదన ఎప్పటికీ తెగకపోవడానికి పెద్ద కారణం, ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టడం.

అస్థిపంజరం ఛాతీ మీద అంకె

ఈ తేడాను నేరుగా పరీక్షకు పెట్టిన అధ్యయనాన్ని జాకబ్ హాబ్‌గుడ్, షారన్ ఐన్స్‌వర్త్ 2011లో ప్రచురించారు. వాళ్లు తయారుచేసిన గేమ్ పేరు ‘జాంబీ డివిజన్’. నేర్పే విషయం భాగహారం. కోటలో అస్థిపంజరాలు ఎదురొస్తాయి, ఒక్కోదాని ఛాతీ మీద ఒక అంకె ఉంటుంది. ఆటగాడి చేతిలో ఉన్న ఒక్కో దెబ్బా ఒక్కో భాజకం. 15 అంకె ఉన్న అస్థిపంజరం మీద 3 దెబ్బ వేస్తే అది సమానంగా విడిపోతుంది. 2 దెబ్బ వేస్తే పనిచేయదు, తిరిగి మీద పడుతుంది. అంటే ప్రతి పోరాటంలోనూ ‘ఇది దేనితో నిశ్శేషంగా పోతుంది?’ అని ఆలోచించక తప్పదు.

అదే గేమ్‌కు రెండో రూపం కూడా చేశారు. అందులో పోరాటంలో లెక్క ఉండదు. లెవెల్ పూర్తయ్యాక అవే భాగహారం ప్రశ్నలు క్విజ్‌గా వస్తాయి. బొమ్మలూ కోటా పోరాటమూ మారలేదు. మారింది లెక్క ఎక్కడుంది అన్నదొక్కటే. ఆడిన పిల్లలు ఏడెనిమిదేళ్లవాళ్లు. లెక్క పోరాటంలోనే కలిసిపోయిన రూపం ఆడినవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు. ఏది కావాలంటే అది ఆడుకోమని వదిలేసిన మరో ప్రయోగంలో, కలిసిపోయిన రూపం మీదే పిల్లలు సుమారు ఏడు రెట్లు ఎక్కువ సేపు గడిపారు. లెక్క పెడితే ఆట రుచి చెడుతుందన్న భయంతోనే చాలామంది దాన్ని చివరన తగిలిస్తారు. ఇక్కడ జరిగింది దానికి సరిగ్గా తలకిందులు.

ఇదే సూత్రం బోర్డు ఆటల్లో ఇంకా తేటగా కనిపిస్తుంది. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి బడి ఈడుకు ముందరి పిల్లలతో 1 నుంచి 10 దాకా గళ్లున్న సాదా ఆట ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట. గళ్లు వరసగా, తిన్నగా ఉన్న బోర్డు ఆడిన పిల్లలకు అంకెల పరిమాణం మీద అంచనా మెరుగుపడింది. తర్వాతి అధ్యయనంలో అవే గళ్లు గుండ్రంగా పేర్చినప్పుడు ఆ లాభం రాలేదు. తిన్నటి బోర్డు మీద 8 అంటే 2 కన్నా దూరం, ఎక్కువ నడక, ఎక్కువ సమయం. చెయ్యీ కన్నూ రెండూ ఆ సంగతి పట్టుకుంటాయి. గుండ్రటి బోర్డులో 10 వెళ్లి 1 పక్కనే కూర్చుంటుంది.

2014లో ఎలీడా లాస్కీ, సీగ్లర్ 0 నుంచి 100 దాకా ఉన్న బోర్డుతో మరో మెట్టు ముందుకెళ్లారు. పావు 25 మీద ఉంది, రెండు పడింది. ‘ఒకటి, రెండు’ అంటూ జరిపితే ఒక పద్ధతి. ‘ఇరవై ఆరు, ఇరవై ఏడు’ అంటూ జరిపితే ఇంకో పద్ధతి. బోర్డు ఒకటే, గెలుపు ఒకటే. కానీ రెండో పద్ధతిలో ఆడినవాళ్లే బాగా ముందుకొచ్చారు. మొదటి పద్ధతిలో పిల్లలు గడిలో ఉన్న అంకె వైపు చూడాల్సిన అవసరమే లేదు. గేమ్ తయారుచేసేవాళ్లకూ, పక్కన కూర్చుని ఆడించేవాళ్లకూ దీనంత పనికొచ్చే సంగతి మరోటి లేదనిపిస్తుంది.

తప్పు చేస్తే గేమ్ ఏం చూపిస్తుంది

పుస్తకం కన్నా, ఇంటిపని నోటుబుక్కు కన్నా గేమ్‌కు ఉన్న అసలు బలం ఇక్కడుంది. నోటుబుక్కులో తప్పు చేస్తే రేపో ఎల్లుండో ఎర్రసిరా పడుతుంది. అప్పటికి తాను ఎందుకలా రాశాడో పిల్లవాడే మరిచిపోతాడు. గేమ్‌లో జవాబు అరక్షణంలో తిరిగొస్తుంది. అయితే వేగం ఒక్కటే చాలదు. ఆ జవాబులో ఏముందన్నది చూడాలి.

భిన్నాలే తీసుకుందాం. 8 పెద్దది కాబట్టి 1/8 కూడా 1/4 కన్నా పెద్దదనుకోవడం ఈ పాఠంలో పిల్లలు చేసే అతి మామూలు పొరపాటు. గేమ్‌లో 0 నుంచి 1 దాకా ఒక గీత, దాని మీద ఒక కప్ప, అటువైపు చెరువు. ‘1/8 ఎక్కడుందో చూపించు’ అంటుంది. పిల్లవాడు గీతలో ముప్పావు దూరం దగ్గర వేలు పెడతాడు. ఒక రకం గేమ్ ఎర్రటి ఇంటూ గుర్తు వేసి, బయ్‌మని శబ్దం చేసి, సరైన చోటు చూపించి ముందుకెళ్తుంది. తాను తప్పని పిల్లవాడికి తెలిసింది, ఎందుకు తప్పో తెలియలేదు. రెండో రకం గేమ్ పిల్లవాడి మాటనే నమ్మి నడుచుకుంటుంది. వాడు చూపిన పొడవే గంతు పొడవుగా పెట్టుకుని కప్ప ఎనిమిది గంతులు వెయ్యబోతుంది. రెండో గంతుకే 1 దాటిపోయి నీళ్లలో పడుతుంది. ఇంకా ఆరు గంతులు మిగిలే ఉన్నాయి! ‘ఎనిమిది గంతుల్లో సరిగ్గా 1 దగ్గరికి చేరాలంటే గంతు ఎంత చిన్నదవ్వాలి?’ అన్న ప్రశ్న ఎవరూ అడగకుండానే వాడి మనసులో పుడుతుంది. హారం పెరిగితే ముక్క ఎందుకు చిన్నదవుతుందో మాటల్లో పదిసార్లు చెప్పినా దిగని సంగతి, కప్ప నాలుగుసార్లు నీళ్లలో పడితే దిగుతుంది. తప్పు జవాబు దాని పర్యవసానం దాకా నడిచి వెళ్లాలి. మంచి గేమ్‌ను గుర్తుపట్టడానికి ఇంతకన్నా నమ్మదగ్గ ఆనవాలు లేదు.

ఇచ్చే జవాబుల ఎంపికలోనూ ఇంతే పనితనం కావాలి. అక్షరాలు నేర్పే గేమ్‌లో ‘ధ’ అని వినిపించి, తెర మీద ‘ధ, క, ఊ, ల’ పెట్టారనుకోండి. పిల్ల చెవికి పని లేదు. తెలిసిన మూడూ పక్కకు తోసేస్తే మిగిలింది జవాబు. అదే ‘ధ, ద, థ, ఢ’ పెడితే చెవి ఒత్తును పట్టుకోవాలి, కన్ను ఆ చిన్న గీతనూ చుక్కనూ పట్టుకోవాలి. మొదట్లో దూరపు అక్షరాలతో మొదలుపెట్టి, రాను రాను దగ్గరి పోలికలవి చేర్చుకుంటూ పోవడం సరైన వరస. చాలా యాప్‌లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

కష్టం పాళ్లు

నూటికి నూరు సరిపోతున్నాయంటే పిల్లలు కొత్తగా ఏమీ నేర్చుకోవడం లేదు. సగానికి సగం తప్పుతుంటే విసుగొచ్చి వదిలేస్తారు. మధ్యలో ఎక్కడో ఆ పాళ్లు కుదరాలి. అంకెలంటే తడబడే పిల్లల కోసం ఆనా విల్సన్, స్టానిస్లాస్ డెహేన్ బృందం తయారుచేసి 2006లో వివరించిన ‘ది నంబర్ రేస్’ దీన్ని లెక్కగట్టి చేసింది. పిల్లల జవాబులు చూసుకుంటూ, నూటికి సుమారు 75 సరైనవి అయ్యేలా కష్టాన్ని సర్దుతూ పోతుంది. అదీ మూడు దారుల్లో: పోల్చాల్సిన రెండు సంఖ్యల మధ్య దూరం తగ్గించడం, జవాబిచ్చే గడువు తగ్గించడం, చుక్కల బదులు అంకెలూ కూడికలూ తీసివేతలూ పెట్టడం. నలభైమంది పిల్లలున్న తరగతిలో ఏ ఉపాధ్యాయుడూ ఒక్కొక్కరికీ ఇలా చేయలేడు. గేమ్‌కు ఇది సహజంగా వచ్చే పని.

గడువు గురించి ఒక హెచ్చరిక. విషయం ఇంకా అర్థంకాని దశలో తెర మీద గడియారం పెడితే పిల్లలు ఆలోచించడం మానేసి ఊహించడం మొదలుపెడతారు. అర్థమయ్యాక, చేతికి వేగం రావడానికి గడువు పనికొస్తుంది. అప్పుడు కూడా పోటీ నిన్నటి తన స్కోరుతోనే ఉంటే మంచిది.

గుర్తు తెచ్చుకోవడం అనే పని కూడా గేమ్ బాగా చేయిస్తుంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కన్నా తమను తాము పరీక్షించుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. పరీక్షంటే ముఖం తిప్పుకునే పిల్లలు గేమ్‌లో పది నిమిషాలకు వంద పరీక్షలు రాస్తారు. ఓడితే ఎవరూ చూడరు, మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఎక్కడ బెడిసికొడుతుంది

మొదటిది, పిల్లలు గేమ్‌నే బోల్తా కొట్టించడం. హింట్ బొత్తం మూడుసార్లు నొక్కితే జవాబు బయటపడుతుందని తెలిసిందంటే ఇక ఆలోచించేదెవరు? రయన్ బేకర్ బృందం 2004లో లెక్కలు నేర్పే సాఫ్ట్‌వేర్ దగ్గర కూర్చున్న పిల్లలను గమనించింది. తరచూ ఇలా హింట్‌లూ ఊహలూ వాడి గట్టెక్కినవాళ్లు, మిగతావాళ్లు నేర్చుకున్నదాంట్లో మూడింట రెండు వంతులే నేర్చుకున్నారు. దీన్ని పిల్లల సోమరితనం అనడం అన్యాయం. గేమ్ ఏది గెలుపు అందో దానికి అతి దగ్గరి దారి వాళ్లు వెతుక్కున్నారు. హింట్ వాడితే తర్వాత అలాంటిదే ఇంకో లెక్క హింట్ లేకుండా చేయాలని పెడితే ఈ దారి మూసుకుపోతుంది.

రెండోది బహుమతుల పొంగు. నాణేలు, బ్యాడ్జీలు, రోజూ వస్తే పెరిగే వరస. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో నర్సరీ పిల్లలతో చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడం ఇష్టపడే పిల్లల్లో కొందరికి, గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి గీయించారు. తర్వాత కొన్నాళ్లకు స్వేచ్ఛగా వదిలినప్పుడు, ఆ పిల్లలు మిగతావాళ్లు గీసిన సమయంలో దాదాపు సగమే గీశారు. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే, కూలి ఆగిన రోజు పనీ ఆగుతుంది. కొత్త పనిముట్టు, కొత్త లెవెల్, కథలో తర్వాతి మలుపు లాంటివి ఆటలోంచి పుట్టిన బహుమతులు. వాటితో ఈ చిక్కు తక్కువ.

మూడోది అన్నింటికన్నా లోతైనది. గేమ్‌లో వచ్చింది కాగితం మీదకు రాకపోవడం. 2012లో వచ్చిన ‘డ్రాగన్‌బాక్స్’ బీజగణితం నేర్పే గేమ్‌లలో చాలా పేరున్నది, చాలా అందమైనది. తెర రెండు భాగాలు. ఒక పక్క మిలమిలలాడే పెట్టె. పెట్టె ఒంటరిగా మిగిలేలా తక్కిన కార్డులను తొలగించాలి. మెల్లగా కార్డులు అంకెలూ అక్షరాలూ అవుతాయి, చివరికి చూస్తే పిల్లలు సమీకరణాలు సాధిస్తుంటారు. కానీ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని యాంజిన్ లాంగ్, విన్సెంట్ అలెవెన్ దీన్ని ఒక సాదా ట్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూశారు. గేమ్ ఆడిన పిల్లలు ఎక్కువ లెక్కలు చేశారు, ఎక్కువ ఆనందించారు. తర్వాత పెట్టిన సమీకరణాల పరీక్షలో ట్యూటర్‌తో నేర్చుకున్నవాళ్లే ముందున్నారు.

దీనికి ఒక కారణం గేమ్‌లోనే దొరుకుతుంది. ఒక పక్క కార్డు వేస్తే రెండో పక్కా వేయక తప్పని పరిస్థితి గేమే కల్పిస్తుంది. వేసేదాకా ముందుకు పోనివ్వదు. కాగితం మీద 3ను ఎడమవైపు తీసేసి కుడివైపు మరిచిపోతే అడిగేవాళ్లు ఉండరు. గుర్తుపెట్టుకునే పని గేమ్ చేసింది, పిల్లలు చేయలేదు. పిల్లలు చేయని పని పిల్లలకు రాదు. గేమ్ చెడ్డదని కాదు. దాని పక్కన ఒక కాగితం, ఒక పెన్సిల్, ‘ఇందాక పెట్టెతో చేసినట్టే దీన్ని ఇక్కడ చెయ్యి’ అనే మనిషి ఒకరు కావాలి.

ఆ మనిషి విలువ అక్షరాల గేమ్‌లలోనూ తేలింది. ఫిన్లండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయంలో పుట్టిన ‘గ్రాఫోగేమ్’ ధ్వనినీ అక్షరాన్నీ జత కలపడం నేర్పుతుంది. చాలా దేశాల్లో, చాలా భాషల్లో వాడారు. ఆ అధ్యయనాలన్నీ కలిపి ఎరిన్ మెక్‌టీగ్ బృందం 2020లో చూస్తే, పదాలు చదవగలగడం మీద సగటు ప్రభావం దాదాపు సున్నా. కానీ ఆడుతున్నంతసేపూ పెద్దవాళ్లు పక్కన పట్టించుకున్న చోట్ల మాత్రం చెప్పుకోదగ్గ లాభం కనిపించింది. పిల్లల చేతికి ట్యాబ్ ఇచ్చి పక్క గదిలోకి వెళ్లిపోవడమూ, పక్కన కూర్చోవడమూ ఒకటి కాదు.

‘మెదడుకు పదును’ పెడతామనే గేమ్‌ల విషయం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఆడిన పజిల్‌లో నైపుణ్యం పెరుగుతుంది. దాన్నిబట్టి లెక్కలూ భాషా తెలివితేటలూ పెరుగుతాయనడానికి ఆధారం లేదు. 2010లో పెద్దవాళ్లు 11,430 మందితో ఆరు వారాలు జరిగిన పరీక్షలో తేలింది కూడా ఇదే.

గేమ్‌ను ఎంచేముందు

పిల్లలకిచ్చే ముందు పెద్దవాళ్లు తప్పనిసరిగా ఓ ఇరవై నిమిషాలు ఆడాలి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ చదవకుండా అడ్డదిడ్డంగా నొక్కండి. అలా లెవెల్ దాటగలిగితే ఆ గేమ్ పక్కన పెట్టేయొచ్చు, మీకు దొరికిన కిటుకు పిల్లలకు రెండు రోజుల్లో దొరుకుతుంది. తర్వాత ఐదు నిమిషాలు గడియారం పెట్టుకుని, పాఠానికి సంబంధించిన పని ఎన్నిసార్లు చేయాల్సొచ్చిందో గీతలు గీసుకోండి. ఎక్కాలు, అక్షరాలు లాంటివాటికి ఐదు నిమిషాల్లో పది పన్నెండుసార్లయినా రాకపోతే, సమయమంతా బొమ్మలు ఎగరడానికీ నాణేలు రాలడానికీ పోతోందన్నమాట. ఆలోచించి విప్పాల్సిన పజిల్ అయితే మూడు నాలుగు చాలు. ఆ తర్వాత కావాలని తప్పులు చేసి, కప్ప నీళ్లలో పడుతోందా, ఇంటూ గుర్తు ఒక్కటే పడుతోందా చూడండి.

చివరగా, అన్నింటికన్నా తేలికైన పరీక్ష. గేమ్‌లోని లెక్కల ప్రశ్న తీసేసి, దాని స్థానంలో ఏ దేశానికి ఏది రాజధాని అన్న ప్రశ్న పెట్టినట్టు ఊహించండి. గేమ్ ఏమీ మారకుండా నడుస్తుందా? అలాగైతే పాఠం పైన అతికించినదే. అస్థిపంజరాల గేమ్‌లో భాగహారం తీసేస్తే గేమే ఉండదు.

ప్రకటనలూ చూసుకోవాలి. అయిదేళ్లలోపు పిల్లలు వాడే 135 యాప్‌లను మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలిస్తే, నూటికి 95 యాప్‌లలో ఏదో ఒక రూపంలో ప్రకటన ఉందని 2018లో తేలింది. మధ్యలో ఊడిపడే ప్రకటన, పిల్లలు బుర్రలో పట్టి ఉంచిన సగం లెక్కను తుడిచేస్తుంది. ఇక మరీ చిన్నపిల్లల సంగతికొస్తే, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది పిల్లలకు కూడా తెర వద్దంది, 2 నుంచి 4 ఏళ్లవాళ్లకు రోజుకు గంట దాటొద్దంది. ఆ వయసులో గవ్వలూ గింజలూ లెక్కపెట్టడం కన్నా మంచి గేమ్ ఇంకా ఎవరూ తయారుచేయలేదు.

మూడు వారాల లెక్క

2013లో పీటర్ వౌటర్స్ బృందం అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, మామూలు బోధన కన్నా గేమ్‌లతో నేర్చుకున్నది కొంత ఎక్కువే అని తేలింది. ఒక్కసారి ఆడి ఊరుకోకుండా విడతలు విడతలుగా ఆడినప్పుడు, వేరే బోధన కూడా తోడైనప్పుడు, జట్టుగా ఆడినప్పుడు లాభం ఇంకా పెరిగింది. ఇంట్లోనైనా బడిలోనైనా దీన్ని అమల్లో పెట్టడం కష్టం కాదు.

గేమ్ మొదలుపెట్టకముందే ఆ విషయం మీద కాగితం మీద పది లెక్కలు ఇవ్వండి. మార్కులకన్నా ఏవి, ఎలా తప్పాయన్నది రాసిపెట్టుకోండి. తర్వాత వారానికి నాలుగు రోజులు, రోజుకు పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. ఒకే ఆదివారం గంటన్నర ఆడించడం కన్నా ఇది ఎంతో మేలు, మధ్యలో మరిచిపోయి మళ్లీ గుర్తు తెచ్చుకోవడమే నిలబడే చదువు. మొదటి రెండు రోజులు పక్కన కూర్చోండి. జవాబు చెప్పొద్దు. ‘ఎందుకలా నొక్కావు?’ అని మాత్రం అడగండి. సరైనది నొక్కినప్పుడు కూడా అడగాలి, లేకపోతే ఆ ప్రశ్న వినగానే తప్పు చేశామనుకుంటారు. ఇద్దరు పిల్లలుంటే ఒకే తెర ముందు కూర్చోబెట్టి, ఒకరు నొక్కేముందు రెండోవాళ్లకు కారణం చెప్పాలని నియమం పెట్టండి.

ఆట ఆపగానే మరో మూడు నిమిషాలు. కాగితం మీద ఒక గీత గీసి, రెండు చివర్లా 0, 1 రాసి, ‘కప్ప 1/6 గంతు వేస్తే ఎక్కడ దిగుతుంది?’ అని అడగండి. మర్నాడు కప్ప మాట తీసేసి 1/6 అని మాత్రమే అడగండి. ఆపైన 1/6, 1/9 పక్కపక్కన రాసి ఏది పెద్దదో, ఎందుకో చెప్పమనండి. గేమ్‌లోంచి కాగితం మీదకు దారి పడేది ఈ మూడు నిమిషాల్లోనే.

మూడు వారాలయ్యాక వెంటనే పరీక్ష పెట్టొద్దు, వేడిమీద అన్నీ వచ్చినట్టే ఉంటాయి. ఒక వారం గేమ్ ముట్టుకోకుండా ఆపి, మొదటి పది లెక్కల్లాంటివే, అంకెలు మార్చి ఇవ్వండి. మొదట మూడు వచ్చినచోట ఎనిమిది వస్తే ఆ గేమ్ పని చేసింది, ఆ విషయానికి దాని అవసరం తీరింది కాబట్టి తర్వాతి పాఠానికి వెళ్లొచ్చు. గేమ్‌లో నలభయ్యో లెవెల్ దాటి కాగితం మీద మాత్రం ఇంకా మూడు దగ్గరే ఉంటే, మళ్లీ పక్కన కూర్చుని ఆ నలభై లెవెళ్లూ ఏం చేసి దాటారో వాళ్ల వేలు వైపే చూడండి.